గడియ వేసుకునే గది: ఒక ప్రణాళిక

సహప్రయాణికులారా,

ఇంట్లో దేవుడికి గది ఉంది. టీవీకి హాలు ఉంది. ఏడాదికోసారి వచ్చే చుట్టాల కోసం అటక మీద పరుపులు కూడా ఉన్నాయి. తన ఒంటితో తాను, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకుండా కాసేపు గడపవలసిన మనిషికి మాత్రం డక్ట్ పక్కన ఐదడుగుల చీకటి మిగిలింది. అందులోనే ఒక మూల వాషింగ్ మెషీన్, ఇంకో మూల చీపురు, తలుపు వెనక తడి బట్టలు, కిటికీ గూట్లో యాసిడ్ సీసా. ముక్కు మూసుకుని లోపలికి వెళ్తాం, పని కాగానే పారిపోయి వస్తాం. ఈ ఏర్పాటుకు కాలం చెల్లింది. దాని తప్పులు ఎంచుతూ కూచునే తీరిక మాకు లేదు.

మేము హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ కట్టకు దిగువన, లోయర్ ట్యాంక్ బండ్ నుంచి అశోక్‌నగర్, చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ దాకా అద్దె వాటాల్లో, సొంత ఫ్లాట్లలో, హాస్టల్ మంచాల మీద బతుకుతున్నవాళ్లం. ఈ పేటకు ప్రణాళికలు కొత్త కాదు. ఇందిరా పార్కు పక్కన ధర్నా చౌక్‌లో ఉద్యోగులు, రైతులు, నిరుద్యోగులు ఎన్నెన్నో కోర్కెల పత్రాలు చదివారు. స్నానపు గది కోసం టెంటు వేసినవాళ్లను మాత్రం మేము చూడలేదు. నవ్వొస్తే నవ్వండి. నవ్వడం అయ్యాక ఇది చదవండి. ఈ పేటలో ప్రతి ఇంట్లో, హాస్టల్లో ప్రతి అంతస్తులో, ఒంటికీ మనసుకీ ఊరటనిచ్చే స్నానపు గది ఒకటి ఉండాలన్నదే మా ఉద్దేశం. దాన్ని విలాసాల పద్దులోంచి తీసి ఇంటి పునాదుల పద్దులో రాయాలని మా పట్టుదల.

ముందు మన నీళ్ల సంగతి. పదహారో శతాబ్దంలో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టిన హుస్సేన్ సాగర్ ఒకప్పుడు ఊరికి నీళ్లిచ్చింది. ఇవాళ దాని మిగులు నీరు నాలాగా మన వీధుల వెనకనుంచి మూసీ దాకా పోతోంది. తాగే నీళ్లూ, స్నానం నీళ్లూ దూరాల నుంచి గొట్టాల్లో వస్తున్నాయి. 1965లో మంజీరా వచ్చింది, 2004లో కృష్ణ, 2015లో గోదావరి. కృష్ణ నీళ్లను నాగార్జున సాగర్ జలాశయం నుంచి తోడుతున్నారు. ఆ జలాశయం అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగింది. మునగక ముందు అక్కడ నది ఒడ్డున క్రీస్తు శకం మూడో, నాలుగో శతాబ్దాల నాటి రాతి స్నానఘట్టం ఉండేది. దాని రాళ్లు విప్పి, పైకి తెచ్చి, నాగార్జునకొండ ద్వీపం మీద మళ్లీ పేర్చారు. వెడల్పాటి మెట్లు, బారులు తీరిన రాళ్లు, పైన ఆకాశం. పదిహేడు వందల ఏళ్ల కిందట స్నానానికి అంత చోటు ఇచ్చినవాళ్ల వారసులం మనం. అదే నది నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా నడిపించి తెచ్చుకుని, జీరో వాట్ బల్బు కింద ఆదరాబాదరాగా నెత్తిన గుమ్మరించుకుంటున్నాం.

కనుక మా విశ్వాసాలు ఇవి.

1. ప్రశాంతతకు పొడి నేల, గాలి, వేడి నీళ్లు, వ్యవధి చాలు.

ట్రూప్ బజార్‌లోనో రాణీగంజ్‌లోనో శానిటరీ షాపుల ముందు నిలబడితే, ప్రశాంతత అంటే ఇటాలియన్ మార్బుల్ అనీ, గాజు గది అనీ, వాన కురిపించే షవర్ అనీ, జకూజీ అనీ నమ్మబుద్ధవుతుంది. స్టార్ హోటళ్ల స్పాలలో గంటకు వేల రూపాయలు పోసి మనం మెచ్చుకునేదేమిటో విడదీసి చూడండి. నేల తడిగా ఉండదు. కంపు ఉండదు. దీపం కళ్లలో గుచ్చదు. తువ్వాలు చేతికందే చోట ఉంటుంది. అడ్డంగా సామాను ఉండదు. తలుపు ఎవరూ బాదరు. వీటిలో దిగుమతి సరుకు ఒక్కటీ లేదు. తలుపు బాదకపోవడం తప్ప తక్కినవన్నీ మేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రీషియన్ కలిసి వారం పది రోజుల్లో చేసిపెట్టగలరు. ఆ ఒక్కటి మాత్రం ఇంట్లోవాళ్లు నేర్చుకోవాలి. దానికి ఏళ్లు పడుతుంది.

2. గడియ వేసుకునే హక్కు అందరిదీ.

మన ఇళ్లలో ఆడమనిషి లోపలినుంచి గడియ పెట్టుకున్నా ఎందుకని ఎవరూ అడగని గది ఇదొక్కటే. పడకగది తలుపు పట్టపగలు మూస్తే పదిమంది పది రకాలుగా అనుకుంటారు. వంటింటికి ఈ మధ్య తలుపే పెట్టడం లేదు. ఏడవాలన్నా, కూనిరాగం తీయాలన్నా, ఊరికే గోడకు ఆనుకుని నిలబడాలన్నా ఆమెకు ఆ ముప్పై చదరపు అడుగులే గతి. పగిలిన గచ్చుతో, మిణుకుమనే బల్బుతో ఆ చోటుని అలా వదిలేసిన ఇల్లు ఆమె ఏకాంతానికి ఎంత విలువ కట్టిందో చెప్పకనే చెబుతోంది. అందుకే మేము స్నానపు గదిని బాగుచేయడాన్ని ఇంటి సోకుల్లో లెక్కవేయం. ఇంట్లో ఎక్కువ చాకిరీ చేసే మనిషికి ఎక్కువ బాకీ తీర్చే పనిగా లెక్కవేస్తాం.

అశోక్‌నగర్‌లో ఇదే బాకీ ఇంకో రూపంలో ఉంది. గ్రూప్-1 కోసం, సివిల్స్ కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. పగలంతా సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పోటీ, తెల్లారితే బాత్‌రూమ్ ముందు బకెట్ల వరస. రోజు మొత్తం మీద ఎవరి కళ్లూ తమ మీద లేని పది నిమిషాలు వాళ్లకు అక్కడే దొరకాలి. "అన్నా, ఇంకెంతసేపే?" అన్న కేకతో అవీ పోతాయి. హాస్టల్ బోర్డు మీద ఏసీ, నాన్ ఏసీ, టిఫిను, వైఫై అన్నీ రాస్తారు. ఎన్ని మంచాలకు ఒక స్నానపు గది ఉందో కూడా ఆ బోర్డు మీదే రాయాలి. ఇది మా మొదటి బహిరంగ కోరిక.

3. ఫోను గుమ్మం బయటే ఉంటుంది.

4. గాలికీ వెలుగుకూ దారి మూసిన గోడతో రాజీ లేదు.

జాతీయ భవన నిర్మాణ నియమావళి స్నానపు గదికి కనీసం 1.8 చదరపు మీటర్లు అడుగుతుంది. మరుగుదొడ్డి కూడా అందులోనే ఉంటే 2.8, అంటే సుమారు ముప్పై చదరపు అడుగులు. వెడల్పు 1.2 మీటర్లకు తగ్గకూడదు. కనీసం ఒక గోడ బయటి గాలికి తెరుచుకోవాలి. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ గోడా ఉంది, వెంటిలేటరూ ఉంది. ఎదురింటివాళ్లు చూస్తారని దానికి అట్ట అంటించాం, దోమలొస్తాయని పాత పేపర్లు కుక్కాం. పాలగాజు పలకలు, దోమల జాలీ, ఆరంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే ఆ రెండు భయాలూ తీరతాయి. స్నానం అయ్యాక ఫ్యాను ఇంకో పావుగంట తిరగాలి. కరెంటు బిల్లు గురించి బెంగపడేవాళ్లు గోడకు మళ్లీ మళ్లీ వేసే సున్నం ఖర్చు కూడా లెక్కవేయాలి.

నాలా వైపు కిటికీ ఉన్న ఇళ్లవాళ్లకు ఈ మాటలు ఎకసెక్కంగా వినిపిస్తాయని తెలుసు. తెరిస్తే దోమ, మూస్తే బూజు. 2000 ఆగస్టులోనూ 2020 అక్టోబరులోనూ వాన దంచినప్పుడు నాలా పక్క వీధుల్లోకి వచ్చిన నీళ్లు ఇంకా వాళ్ల కళ్లముందే ఉన్నాయి. వాళ్లకు జాలీ, ఫ్యాను ఇవాళ్టి ఉపశమనం మాత్రమే. నాలా బాగుపడటం మా ఉద్యమంలో సగం పని. కిటికీ తెరవలేని పేటలో స్పా గురించి మాట్లాడటం బూటకమని మాకూ తెలుసు.

ఇక దీపం. ఆఫీసులకు పెట్టే 6500 కెల్విన్ల తెల్ల ట్యూబులైటు స్నానపు గదిలో మనిషిని ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టినట్టు చూపిస్తుంది. 2700 నుంచి 3000 కెల్విన్ల పసుపు వెలుగు చాలు. గడ్డం గీసుకునే అద్దానికి వేరే దీపం, రాత్రిళ్లు లేచేవాళ్లకు నేలకు దగ్గరగా ఒక చిన్న దీపం ఉండాలి. జపాన్ రచయిత తనిజాకి 1933లో నీడల మీద వ్యాసం రాస్తూ తమ దేశపు పాత మరుగుదొడ్ల మసక వెలుగుని మెచ్చుకోడానికి ఏమాత్రం మొహమాటపడలేదు. మనకెందుకు?

కంపుని సెంటుతో కప్పడం ఇక చాలించాలి. గది పొడిబారి, గాలాడి, తన వాసన పోయాక, గుప్పెడు వట్టివేళ్లు తడిపి కిటికీ దగ్గర వేలాడదీయండి. కూలర్ల ఖస్ తడకల మధ్య వేసవులు గడిపిన ఊరు ఇది. ఆ పరిమళం ఇక్కడివాళ్లకు పరిచయం చేయనక్కర్లేదు.

5. స్నానం ముగిసిన పావుగంటకు నేల పొడిబారాలి.

ఇది సాధిస్తే బూజు, దోమ, జారుడు మూడూ వెనక్కి తగ్గుతాయి. అందుకు వాలు కావాలి. మీటరుకు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల వాలు ఉంటే నీళ్లు ఆగవు, కాలికీ తెలియదు. టైల్స్ పరవక ముందే మేస్త్రీ చేత చెంబుడు నీళ్లు పోయించి చూడండి. పరిచాక చూస్తే చేయగలిగింది దెబ్బలాట ఒక్కటే. తడి భాగాన్నీ పొడి భాగాన్నీ వేరు చేయాలి. గాజు తలుపే కానక్కర్లేదు. మూడంగుళాల గట్టు, ఒక తెర చాలు. నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్‌లో ఎప్పుడూ రెండంగుళాల నీళ్లు నిలిచి ఉండాలి. డ్రైనేజీ కంపుని లోపలికి రాకుండా ఆపేది ఆ నీళ్లే. వేసవిలో ఊరెళ్లి వచ్చేసరికి గది కంపు కొడుతోందంటే అవి ఆవిరైపోయాయని అర్థం. ఒక మగ్గు నీళ్లు పోస్తే సరి. దీనికి ఫినాయిల్ కొన్నవాళ్లందరికీ మా సానుభూతి.

అద్దంలా మెరిసే టైలు స్నానపు గదికి పనికిరాదు. మన దగ్గర వికారాబాద్ జిల్లా తాండూరు నాపరాయి ఉంది. కడప రాయి ఉంది. పాత ఇళ్లలో తాతల నాటి షాబాదు బండలు ఇంకా అరగకుండా ఉన్నాయి. పాలిష్ పెట్టకుండా పరిస్తే కాలికి పట్టు దొరుకుతుంది, కంటికి చల్లగా ఉంటుంది. ఒక్కటే షరతు. ఇవన్నీ సున్నపురాళ్లు, యాసిడ్ పడితే నురగలు కక్కి అరిగిపోతాయి. ఈ రాయి ఇంట్లోకి వచ్చిన రోజు యాసిడ్ సీసా బయటికి పోవాలి. పనిమనిషి చేతులకూ, ఊపిరితిత్తులకూ అదే మంచి రోజు.

6. మన ప్రశాంతత కింది ఇంటి సీలింగ్‌లోంచి కారకూడదు.

మా ప్రణాళికకు ఇది గుండెకాయ. వరండాలూ బావులూ ఉన్న పాత ఇళ్లు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లయినప్పుడు మనం గోడలు వేరుచేసుకున్నాం గానీ నీళ్లని వేరుచేసుకోలేదు. పై ఇంటి స్నానం కింది ఇంటి చెమ్మ అవుతుంది. ఒకరి కొత్త టైల్స్ ఇంకొకరి పెచ్చులూడిన సున్నం అవుతాయి. అసోసియేషన్ మీటింగులో మర్యాదస్తులైన రిటైర్డ్ ఉద్యోగులు ఒకరి మీద ఒకరు గొంతు పెంచేది చాలాసార్లు ఈ చెమ్మ గురించే. స్పా లాంటి గది కట్టుకుని, కింద కాపురం ఉండేవాళ్ల మంచం మీద చుక్క చుక్కగా కురిపించే మనిషిని మేము సహప్రయాణికుడిగా ఒప్పుకోం.

కాబట్టి కంటికి కనబడే టైలు కంటే ముందు కనబడని పూతకు డబ్బు పక్కన పెట్టాలి. పాత గచ్చు తవ్వాక, పల్లంగా దించిన సంకెన్ స్లాబులో తుప్పుపట్టిన జీఐ ఇనుప గొట్టాలు తీసి సీపీవీసీ ప్లాస్టిక్ గొట్టాలు వేశాక, వాటర్‌ప్రూఫింగ్ గోడల మీదికి కూడా ఎక్కాలి. ఒంటి మీద నీళ్లు పోసుకునే చోట మనిషి ఎత్తు దాకా ఉండాలి. ఆ తర్వాత ట్రాప్ మూసి, నేలంతా రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, రెండు రోజులు ఆగాలి. మేస్త్రీకి తొందర ఉంటుంది. మీరు తొందరపడకండి. ఆ రెండు రోజులూ పొద్దునా సాయంత్రమూ కింది ఇంటికి వెళ్లి వాళ్ల సీలింగ్ చూసి రావాలి. ఉత్త చేతులతో వెళ్లకపోతే ఇంకా మంచిది.

డక్ట్ కూడా ఈ విశ్వాసం కిందికే వస్తుంది. అది ఎవరి సొత్తూ కాదు గనక అందరి చెత్తకుండీ అయింది. షాంపూ ప్యాకెట్లు, పావురాల రెట్టలు, విరిగిన మగ్గులు, లీకవుతున్న గొట్టాలు. మన వెంటిలేటర్ తెరుచుకునేది దాంట్లోకే. డక్ట్ కడిగించని అపార్ట్‌మెంట్‌లో ఒక్క ఫ్లాటుకు ఎంత పాలరాయి పరిస్తే ఏం లాభం? ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా, ఉమ్మడి ఖర్చుతో డక్ట్ శుభ్రం కావాలి.

7. చెంబుకు తిరిగి గౌరవం రావాలి.

స్పా అనగానే నీళ్ల దుబారా అని ఉలిక్కిపడే మిత్రులకు ఒక లెక్క. మన నగరాల నీటి పథకాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని ఒక కొలత ఉంది. అందులో స్నానం వాటా 55. హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. ఐదుగురున్న ఇంట్లో తలా రోజుకు 133 వస్తాయి. దాదాపు ఆ కొలతే. మామూలు షవర్ నిమిషానికి పది లీటర్ల దాకా పోస్తుంది గనక మన 55 ఐదారు నిమిషాల్లో అయిపోతాయి. అవే నీళ్లు మూడు బకెట్లలోకి వస్తాయి. పీట మీద కూచుని చెంబుతో నింపాదిగా పోసుకుంటే అరగంట గడిచినా ఇంకా మిగులుతాయి. బాత్‌టబ్ నిండాలంటే 150 లీటర్లకు పైనే కావాలి. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే పేటలో దాన్ని మేము కోరం. షవర్‌ని నిషేధించం, నెత్తిన పెట్టుకోం.

నిలబడి చేసే స్నానం పని, కూచుని చేసే స్నానం విశ్రాంతి. జపాన్‌లో ఊరుమ్మడి స్నానశాలల్లో ఇవాళ్టికీ చిన్న పీట మీద కూచునే ఒళ్లు తోముకుంటారు. మనం ఆ పీటని అటకెక్కించాం. దించండి. నీళ్లు పట్టే కుళాయి కూచున్న మనిషి చేతికందే ఎత్తులో ఉండాలి, సబ్బు గూడు కూడా. ఇవి ఎంతెత్తులో ఉండాలో కొలవడానికి ప్లంబరు టేపు కంటే ఇంట్లో అందరికంటే పొట్టి మనిషి మేలు.

8. అభ్యంగనం మన వారసత్వం, దాన్ని ఆదివారాల్లోకి తేవాలి.

ఏ స్పాలో పట్టిక చూసినా నూనె మర్దన, ఒంటికి పిండి నలుగు, ఆవిరి, ధూపం, వీటికే వేరే పేర్లు, వేరే ధరలు. మనం ఉగాదికీ సంక్రాంతికీ నరకచతుర్దశికీ తెల్లవారుజామున చేసే తలంటులో నువ్వుల నూనె, సున్నిపిండి, కాగులో పొగలు కక్కే నీళ్లు, కుంకుడు రసం, చివర్లో తడి జుట్టుకు సాంబ్రాణి పొగ అన్నీ ఉన్నాయి. బోరు నీళ్ల ఉప్పుతో సబ్బు తెల్లటి మడ్డిగా మారుతుంది. కుంకుడు రసానికి ఆ ఇబ్బంది బాగా తక్కువ. అన్నిటికంటే ముఖ్యం, ఆ స్నానంలో ఒకరి చేయి ఇంకొకరి మాడు మీద ఉండేది. దాన్ని ఏడాదికి మూడు పండగలకు కుదించుకుని, మిగతా రోజులు తలనొప్పి మాత్రలతో నెట్టుకొస్తున్నాం.

అయితే ఉత్సాహంలో జాగ్రత్త మరవద్దు. నూనె చుక్కలు పడిన నేల మీదికి ముసలివాళ్లని పంపకండి. పిండి ట్రాప్‌లో గట్టిపడితే ప్లంబరుని పిలవాల్సి వస్తుంది. జాలీ మీద పల్చటి గుడ్డ వేసుకోండి.

గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలో ఒక హమామ్ ఉంది. ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ దాన్ని బాగుచేసింది. వేడి నీళ్లకూ చన్నీళ్లకూ మట్టి గొట్టాలు వేసి, మధ్యలో రాతి అరుగు కట్టి, ఎంతో శ్రద్ధగా నిర్మించిన స్నానశాల అది. అక్కడ స్నానం చేయించింది సమాధికి తీసుకెళ్లే ముందు రాజకుటుంబాల పార్థివ దేహాలకని చెబుతారు. అంత శ్రద్ధ పోయినవాళ్లకు దక్కింది. బతికున్నవాళ్ల వంతు ఇప్పుడొచ్చింది.

9. పొద్దున స్నానం లోకం కోసం, రాత్రి స్నానం మన కోసం.

2019లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను వడపోసి చూశారు. పడుకునే ముందు ఒకటి రెండు గంటల మధ్య 40 నుంచి 42.5 డిగ్రీల గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాలు స్నానం చేసినా నిద్ర సగటున పది నిమిషాలు తొందరగా పడుతుందని తేల్చారు. వేడి తగలగానే నెత్తురు అరచేతులకూ అరికాళ్లకూ పారి, ఒంటి లోపలి వేడి బయటికి పోతుంది. లోపల చల్లబడటమే నిద్రకు సంకేతం. పరీక్ష తేదీ తలుచుకుంటూ దొర్లే అశోక్‌నగర్ పిల్లలకు దీనికంటే చవకైన మందు మాకు కనబడలేదు. రాత్రి పది తర్వాత గీజర్ కట్టేసే హాస్టళ్లు ఈ పేరా మరోసారి చదవాలి.

10. ముసలితనం అందరికీ వస్తుంది, అది వచ్చేలోపే పట్టుకోడానికి కడ్డీ ఉండాలి.

కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి. ఇనుప కడ్డీలు ఆసుపత్రిని గుర్తుచేస్తాయనేవాళ్లు చెక్క తొడుగు వేసుకోవచ్చు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోయిన మనిషి తలుపుకి అడ్డంగా ఉంటే లోపలికి తోసి తెరవలేం. ఆపదలో బయటినుంచి తీయడానికి వీలైన గడియ ఉండాలి. గ్యాస్ గీజర్ మూసిన గదిలో ప్రాణాంతకం, దాన్ని బయట బిగించాలి. ఎలక్ట్రిక్ గీజర్‌కు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి తప్పనిసరి. ఈశాన్యమా వాయవ్యమా అన్న చర్చ మీ సిద్ధాంతి గారితో తీరిగ్గా చేసుకోండి. కడ్డీ మాత్రం ఈ నెల్లోనే.

11. అద్దెవాడికి కూడా ఒక ప్రణాళిక ఉంది.

గచ్చు తవ్వే అధికారం మనది కాదు, నిజమే. బల్బు మార్చే అధికారం మనదే. మేకు కొట్టనివ్వని ఓనరు ఉన్నచోట అంటించే కొక్కేలు ఉన్నాయి. పీట, జాలీ, తెర, వైపర్ ఇవన్నీ ఇల్లు మారినప్పుడు మనతో వస్తాయి. గదిలోంచి పనికిరాని సామానంతా తీసేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అద్దె ఒప్పందం రాసుకునే రోజున రంగులూ ఫ్యాన్లూ లెక్కపెట్టినట్టే వెంటిలేటరూ ట్రాపూ చూడమని, ఎగ్జాస్ట్ ఫ్యాను అడగమని కోరుతున్నాం.

12. అపార్ట్‌మెంట్‌లో మొదట బాగుపడవలసింది వాచ్‌మన్ కుటుంబం స్నానపు గది.

సెల్లార్‌లో, మెట్ల కింద, మోటారు పక్కన, రేకు తలుపుతో అది ఉంది. కార్లు తీసేవాళ్లందరూ దాని ముందునుంచే పోతారు. పైన ఇరవై ఫ్లాట్లలో నలభై స్నానపు గదులకు నీళ్లు ఎక్కించే మనిషి భార్య, వీధి సద్దుమణిగాక స్నానం చేస్తుంది. ఆ గదికి గట్టి తలుపు, లోపలి గడియ, దీపం, గాలి, వేడి నీళ్లు ఏర్పాటు చేయకుండా పై అంతస్తుల్లో ఎవరు టైల్స్ మార్చినా మా ఉద్యమంలో భాగంగా లెక్కలోకి రాదు.

మేము కోరే పేటని ఊహించండి. రాత్రి తొమ్మిదిన్నర. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సెకండ్ షోకి జనం చేరుతున్నారు. త్యాగరాయ గానసభలో కార్యక్రమం ముగిసి ఆటోల బేరాలు నడుస్తున్నాయి. చిక్కడపల్లి స్టేషన్ మీదుగా మెట్రో పోతోంది. ఈ రొద ఆగదు, ఆగాలని మేము కోరడం లేదు, ఇష్టపడే ఇక్కడ ఉంటున్నాం. కానీ రోడ్డు వెనక సందుల్లో, నాలుగో అంతస్తులో, రెండో అంతస్తులో, సెల్లార్‌లో పసుపు వెలుగు గళ్లు వెలిగి ఉంటాయి. ఒక్కో గడి వెనక ఒక్కో మనిషి. కలెక్టరు కావాలనుకునే అమ్మాయి, బ్యాంకు నుంచి రిటైరైన పెద్దాయన, కర్రీ పాయింట్ మూసి వచ్చిన దంపతుల్లో ఒకరు. వాళ్ల కోసం తలుపు బయట ఎవరూ నిలబడి లేరు. డక్ట్‌లోంచి పైకొచ్చేది సాంబ్రాణి వాసన. కింది ఇంటివాళ్ల సీలింగ్ పొడిగా ఉంది. నాలా పక్క కిటికీలు తెరిచి ఉన్నాయి. ఇంట్లో మాటలు ఒక స్థాయి తగ్గి వినిపిస్తున్నాయి, ఎందుకంటే స్నానం నుంచి బయటికి వచ్చిన మనిషి పోయినప్పటి మనిషి కాడు. ఇల్లు వెతుక్కునేవాళ్లు ఎన్ని బెడ్‌రూములని అడిగే ముందు స్నానపు గదికి ఎండ ఏ వేళ వస్తుందని అడుగుతారు. బిల్డర్లు ప్లాన్ గీసేటప్పుడు మిగిలిపోయిన మూలని దీనికి కేటాయించడం మానేసి, దీన్ని గీశాకే తక్కిన గదులు గీస్తారు. సొంత ఇల్లు లేని కుర్రవాడు కూడా హాస్టల్ మూడో అంతస్తులో పీట మీద కూచుని, చెంబు ముంచి, తొందర లేకుండా తలమీద పోసుకుంటాడు.

ఇదంతా మన చేతుల్లో ఉన్న పని. ఈ ఉద్యమానికి జెండా లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. చేరడానికి ఒక టేపు, ఒక నోటుపుస్తకం చాలు. మీ స్నానపు గది కొలతలు, వాలు, వెంటిలేటర్ దిక్కు, పొద్దున్న వెలుగు వచ్చే వేళ, ఇంట్లో ఎవరెవరికి ఎంతసేపు ఆ గది దక్కుతోందో రాసుకోండి. చివరి లెక్క చూశాక మొదట ఎవరి కోసం బాగుచేయాలో మీకే అర్థమవుతుంది.

వచ్చే ఆదివారం మొదలుపెట్టండి. ముందు వెంటిలేటర్‌కు అంటించిన అట్ట పీకేయండి. తర్వాత మెట్లు దిగి, కింది ఫ్లాటు బెల్లు కొట్టి, మీ సీలింగ్ ఒకసారి చూడొచ్చా అని అడగండి.